అత్త కుండలో కలిసిపోయిన బియ్యం

మా అమ్మ దేవుణ్ణి చింతపండు జాడీ పక్కన పెట్టుకునేది. ఈ మాట మా సంఘపెద్దలు వింటే కళ్లెర్ర చేస్తారేమో గానీ, నేను చూసింది అదే. కోవిల్‌పట్టిలో మాది అగ్గిపెట్టెల పనివాళ్ల వీధి. ఒకే గది ఇల్లు. పొయ్యి పక్క గూట్లో ఉప్పు జాడీ, చింతపండు జాడీ, వాటి పక్కన అంచు విరిగిన చిన్న మట్టికుండ ఉండేవి. పొద్దున్నే అమ్మ వంటకు బియ్యం కొలిచేది. కడగబోయే ముందు, కొలిచిన దాంట్లోంచే ఒక పిడికెడు వెనక్కి తీసి ఆ కుండలో వేసేది. వేస్తూ పెదవులు కదిపేది. డబ్బా నిండుగా ఉన్న రోజూ పిడికెడే, రేషను బియ్యం అడుగంటిన రోజూ పిడికెడే. శనివారం సాయంత్రం కోయిలు తరఫున ఒకామె బకెట్టు పట్టుకుని వచ్చి వీధి వీధంతా ఆ బియ్యం పోయించుకుని పోయేది. కోయిలంటే మా మాటలో చర్చి. ఆ బియ్యాన్ని పిడిబియ్యం అనేవాళ్లం.

అంత ఎత్తు శిఖరం కట్టుకున్న దేవుడికి మన రేషను బియ్యం ఎందుకే అని ఒకసారి అడిగాను. నాకు అప్పటికే నోరు ఎక్కువ.

"ఆయనకి కాదు, నీ చేతికి," అంది అమ్మ. అగ్గిపెట్టెల్లో పుల్లలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు. "పిడికిలి మూసేది అందరికీ పుట్టినప్పుడే తెలుసు. తెరిచేది రోజూ నేర్చుకోవాల."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్లలో తెలుగు నోటి మాటే గానీ రాతలో లేదు. మా ఊరు తమిళనాడులో కదా, గడప దాటితే అరవం. ప్రార్థన కూడా అరవమే. నేను ఈ అక్షరాలు నెల్లూరులో ఒక హాస్టల్లో పని చేసిన రోజుల్లో నేర్చుకున్నాను. అక్కడివాళ్లు నా మాట విని నవ్వి, మీది మా తాతల నాటి తెలుగమ్మా అన్నారు. తాతల ఆస్తి ఊరికే దొరికితే ఎవరు వద్దంటారు? అందుకే రాసేటప్పుడు వాళ్లలాగే రాస్తున్నా, మా వాళ్లు మాట్లాడితే మాత్రం మాట్లాడినట్టే రాస్తాను.

పెళ్లయి విరుదునగర్ వచ్చాను. మా ఆయనకు కోవిల్‌పట్టిలో పల్లీ చిక్కీలు చేసేచోట పని. నేను మా ఊరు వదిలి ఈ ఊరు వచ్చాను, ఆయన రోజూ ఈ ఊరు వదిలి మా ఊరు పోయొస్తారు. ఆ దారిలో తిరిగే బస్సులను మా సంసారమే పోషిస్తోందని మా ఇళ్ల వరసలో ఎగతాళి. నాకు పప్పుల మిల్లు ఆఫీసులో పని. ఇద్దరం పొద్దున పోతే చీకటి పడేముందు వస్తాం. ఇంటికి తాళం. అలాంటి ఇంటికి మా అత్త, మా ఆయన తల్లి, వచ్చింది.

అత్తది పుదూరు పక్క పల్లె. చుట్టూ నల్లరేగడి, వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూపు. ఆమె కూలిపనికి పోయేది, ఆ పని లేని రోజుల్లో అగ్గిపెట్టెలకు కాగితాలంటించేది. కానీ ఊళ్లో ఆమె అసలు ఉద్యోగం వేరు. పిడిబియ్యం బకెట్టు ఆమెది. శనివారం వస్తే ఆమె వీధిలో నడవడం చూడాలి, కలెక్టరు వచ్చినట్టే. ఎవరింట్లో కుండ నిండింది, ఎవరింట్లో వెలితి పడింది ఆమెకే తెలుసు. వెలితి పడిన ఇంటికి ఆదివారం సాయంత్రం అదే బియ్యం కొంగు చాటున తిరిగి వెళ్లేది. ఆ సంగతి బకెట్టుకూ ఆమెకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నాకు చెప్పింది కూడా పెళ్లయిన చాలా ఏళ్లకు, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని. ఊరి పేరు రాయడం లేదు కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదు.

మోకాలి నొప్పికి వైద్యం చేయిద్దామని మా ఆయన ఆమెను తీసుకొచ్చారు. మోకాలు నెమ్మదించింది. నాకు బెంగ పట్టుకుంది అప్పుడే. మా అమ్మ పోయాక ఇంట్లో నాకంటే ముందు లేచే మనిషి లేదు. అత్త వచ్చాక నేను కళ్లు తెరిచేసరికి వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వింటూ ఇంకాస్త పడుకోవడం ఎంత సుఖమో, తల్లి లేనివాళ్లకు చెప్పక్కర్లేదు. అత్త ఉండిపోవాలని నాకు కోరిక. అత్తకేమో పోవాలని. ఊరి నుంచి తెచ్చుకున్న కాకిరంగు సంచి తలుపు వెనక మేకుకే ఉండేది. చీరలు బీరువాలో పెట్టుకో అత్తా అంటే వినేది కాదు.

"ఈడ నాకి పనేముండాది? సుమ్మా కూచుని తింటే ఒళ్లు తుప్పు పట్టేది," అనేది. సుమ్మా అంటే అరవంలో ఊరికే అని.

పని వెతుక్కోవాలని చూసింది పాపం. మా వంటింట్లోనూ ఒక చిన్న కుండ పెట్టింది, ఊరి నుంచి చీరలో చుట్టి తెచ్చుకున్నదే. పూట పూటకూ పిడికెడు వేసింది. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని మాతో కోయిలుకు వచ్చింది. ఇది టౌను కోయిలు. కానుకల పెట్టె మీద ఫోను చూపించి డబ్బు పంపే చీటీ అంటించి ఉంటుంది. అక్కడ పని చూసే పెద్దాయన మర్యాదగానే చెప్పాడు, పిడిబియ్యం ఆనవాయితీ ఇక్కడ లేదమ్మా, వస్తే పురుగు పడుతోంది, కానుకే వేసేయండి అని. అత్త సంచి మూతి బిగించి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ఆరాధన అంతసేపూ ఆ సంచిని అలాగే పట్టుకుని కూర్చుంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ సాయంత్రం మేకుకున్న సంచి దించి, చీరలు మడతపెట్టి, మళ్లీ మేకుకే తగిలించింది.

ఆ తర్వాతి వారం నుంచి అత్త ముఖం విచ్చుకుంది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఏవో కూనిరాగాలు. మోకాలి సంగతి అడిగితే, అదా, దాన్ని మరిచేపోయినా అంది. మందు పనిచేసిందని మా ఆయన సంబరపడ్డారు. వంటింట్లో చిన్న కుండ చాలక దాని పక్కన పెద్ద డబ్బా వచ్చింది. డబ్బా కూడా బరువెక్కుతోంది. పిడికిలి కాస్త పెద్దదిగా పడుతోందేమో, పోనీలే, ఆమె సంతోషం ఆమెది అనుకున్నాను. ఎవరి పిచ్చి వారికానందం కదా.

అసలు సంగతి ఏమిటంటే, మధ్యాహ్నం మేమిద్దరం లేని వేళ అత్త బకెట్టు పట్టుకుని వెనక వీధికి పోతోంది. మా వరసలో అన్నీ పగలు తాళం పడే ఇళ్లు. వెనక వీధిలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు, ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. గడప ముందు నిలబడి, అమ్మా, ఒక పిడి బియ్యం అంటోంది. వాళ్లు తెచ్చి పోస్తున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఎందుకు అడుగుతారు? అది ఆడి మాసం. అమ్మవారి గుళ్లలో అంబలి కాచి పోసే నెల, ఇక్కడ ఆ అంబలిని కూళు అంటారు. దానికి ఇంటింటా బియ్యం అడగడం ఏటేటా ఉన్నదే. పసుపుపచ్చ చీర కట్టుకున్న ముసలామె బకెట్టుతో గడపలో నిలబడితే అమ్మవారికే అనుకున్నారు వాళ్లు. అత్తకేమో ఆ అనుమానమే రాలేదు. ఆమె ఊళ్లో బకెట్టు వెళ్తుంటే కోయిలుకు రాని ఇళ్లవాళ్లు కూడా పిలిచి పోసేవాళ్లు. అడగనిదే అమ్మయినా పెట్టదు, అడిగితే ఎవరైనా పెడతారు అన్నది ఆమె లెక్క.

బయటపడింది ఒక శుక్రవారం సాయంత్రం. నేను అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. వాకిట్లోకి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ముందున్నామె చేతిలో వేపాకు కట్టిన ఇత్తడి బిందె. వెనక వీధి మూల ఇంటామె. అమ్మవారి కూళు పనులన్నీ ఆమె చేతి మీదే జరుగుతాయని విన్నానే గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. వస్తూనే నవ్వుతూ అరవంలో మొదలుపెట్టింది.

"మీ ఇంట ఒక ఆచ్చి ఉందట కదా?" ఆచ్చి అంటే ఈ పక్క ముసలామెను గౌరవంగా పిలిచే పిలుపు. "మేము ఏ ఇంటికి పోయినా ఆచ్చికి ఇచ్చేశాం అంటున్నారు. మాకు చెప్పకుండానే అంత ఎండలో అమ్మవారి కోసం తిరిగిందట. ఎంత భక్తి! ఆ బియ్యం తీసుకుని, ఆచ్చికి ఒక దణ్ణం పెట్టి పోదామని..."

మాట అక్కడే ఆగింది. తలుపు పైన మా చెక్క సిలువ ఉంది. ఆమె కళ్లు దాని మీద నిలిచాయి. వెనకున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకే. నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది, డబ్బా బరువుతో సహా. ఈ కాలంలో ఏ మాట ఏ నోట పడి ఏ రూపం ఎత్తుతుందో చెప్పలేం. ఒకామె అననే అంది, "అమ్మవారి పేరు చెప్పి తీసుకుందా?" అని. నెమ్మదిగానే అంది, కానీ వంటింట్లో ఉన్న అత్తకు వినిపించింది.

అత్త బయటికి వచ్చింది. ముఖం పాలిపోయింది. వచ్చీరాని టౌను అరవంలో ఏదో మొదలుపెట్టి, అందక, గాభరాలో ఇంటి మాటలోకి జారిపోయింది.

"నేను ఏ సామి పేరూ చెప్పలేదమ్మా. వాళ్లూ అడగలేదు. మా కోయిల్లో ఒక పిడి తీసుకుపోతే వద్దన్నారు, మూట తీసుకుపోతే ఏమంటారో చూస్తామని తిరిగినా. ఇది మీ అమ్మవారికని నాకి తెలీదు. అబద్దమాడేదానికి నాకి నోరు రాదు, దేవుని మీద ఒట్టు."

వెనకున్న ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మూల ఇంటామె మాత్రం కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"మీరు తెలుగా?" అంది. తెలుగులోనే అంది.

"అవునమ్మా. పుదూరు పక్క."

"మేము అరుప్పుకోట్టై పక్క నాయుళ్లం. ఇంట్లో ఇదే మాట. ఈ వీదిలో ఇన్నేండ్లుగా ఉండాను, గడప దాటి ఈ మాట ఇనింది ఇదే."

నాయుళ్లం అన్న మాట వినగానే అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. చేతులు కట్టుకుంది. ఆమె జీవితమంతా అలాంటి ఇళ్ల పొలాల్లోనే పత్తి తీసింది. అది ఆలోచించి చేసింది కాదు, ఒళ్లు తానే చేసింది. మూల ఇంటామె దాన్ని చూసింది. చూసి, ఇత్తడి బిందె పక్కన పెట్టి, మా గడప మీద చతికిలబడింది.

"మీరూ కూచోండి అక్కా. తిరిగి తిరిగి నాలిక ఎండిపోయె. కొంచిం నీళ్లియ్యండి."

అత్త కదల్లేదు. ఆమె ఊళ్లో ఆ ఇళ్లవాళ్లు మా ఇళ్లలో నీళ్లడగడం ఎప్పుడూ లేదు. నేను లేచి తేబోతే అత్త నా చెయ్యి పట్టి ఆపింది. తానే లోపలికి పోయి, చెంబు మళ్లీ తోమి, తెచ్చి ఇచ్చింది. ఆమె ఎత్తి గటగటా తాగింది. నేను చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రభు బల్లల దగ్గర, కోయిల్లో రొట్టె, ద్రాక్షరసం పంచే చోట, మోకరించాను. ఆ సాయంత్రం మా గడపలో నాకు అలాంటి గగుర్పాటే కలిగింది, తల వంచుకోవాలనిపించింది.

ఇక బియ్యం సంగతి. అత్త డబ్బా ఈడ్చుకొచ్చి మధ్యలో పెట్టింది. "ఇంద అమ్మా, అంతా తీసుకుపోండి."

ఆమె మూత తీసి చెయ్యి పెట్టింది. పెట్టి ఆగింది. "దీంట్లో మీ ఇంటి పిడి ఉండాదా?"

"ఉండాది. పూటకొక పిడి. ప్రార్తన చేసి ఏసింది."

ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "అట్లయితే నేనెట్ల తీసుకునేది? మీ సామికని మొక్కి ఇచ్చింది తీసుకుపోయి మా అమ్మవారికి పోస్తే తప్పు కదా."

"మీ అమ్మవారికని ఇచ్చింది నేను కోయిల్లో పెట్టేదీ తప్పే," అంది అత్త.

ఇద్దరూ డబ్బాలోకి చూస్తూ కూర్చున్నారు. నేనూ తొంగిచూశాను. సన్న బియ్యం, రేషను దొడ్డు బియ్యం, ఇడ్లీ బియ్యం, పచ్చివి, ఉప్పుడువి, ఎర్రటివి రెండు మూడు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఏ గింజ ఏ ఇంటిదో, ఏ గింజ ఏ దేవుడిదో తేల్చడం ఆ దేవుళ్ల వల్ల కూడా కాదు. ఏరదామా అన్నాను ఎగతాళిగా. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఇద్దరికీ దేవుడు వేరు గానీ కోపం ఒకటే.

మా ఆయన సరిగ్గా అప్పుడే కోవిల్‌పట్టి బస్సు దిగి వచ్చారు. చేతిలో చిక్కీ ముక్కల పొట్లం, ఒంటి నిండా బెల్లం వాసన. వాకిట్లో ఆడవాళ్లంతా ఒక డబ్బా చుట్టూ తలలు వంచుకుని కూర్చుని ఉండడం చూసి బెదిరిపోయారు.

"ఏమి, ఎవురన్నా పోయినారా?"

నేను జరిగింది చెప్పాను. ఆయన విన్నంత వరకు విని, పొట్లం నా చేతిలో పెట్టి, "నాకి పెద్దంత ఆకలిగా ఉండాది. ఆ బియ్యం ఎవురి సామిదైనా సరే, ఒండిపెడితే తింటా," అని పెరట్లోకి పోయారు.

మూల ఇంటామె అత్త వైపు చూసింది. అత్త ఆమె వైపు చూసింది. మా ఆయన జీవితంలో చెప్పిన గొప్ప మాట అదే, అది చెప్పినట్టు ఆయనకే తెలియదు. అంతా గంజి కాచి ఆకలైనవాళ్లకు పెడితే ఇటు తప్పూ లేదు, అటు తప్పూ లేదు. అత్త ముఖంలోకి రక్తం తిరిగి రావడం నేను చూశాను. "ఆండవా," అంది, ప్రభువా అని. మూల ఇంటామె "తాయే," అంది, తల్లీ అని. ఇద్దరూ నవ్వారు.

వెనక వీధిలో ప్రతి గడపకూ ఇద్దరూ కలిసే వెళ్లారు. ఏం జరిగిందో దాచకుండా చెప్పారు. అత్తకు మాట తడబడిన చోట ఆమె అందుకుంది. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారట. ఎక్కువమంది నవ్వారట. ఒకామె మాత్రం, గంజికి బియ్యం ఒక్కటే చాలుతుందా అని అల్లం ఇచ్చింది, ఇంకొకామె వెల్లుల్లి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా వెనక వీధిలో పుణ్యం కూడా అలాగే పంచుకున్నారు.

తర్వాతి శనివారానికి పెట్టుకున్నారు గంజి. వారమంతా ఇద్దరికీ పోట్లాటే. అన్ని రకాల బియ్యం కలిసింది కదా, అలాగే ఉడికిస్తే సగం మెతకబడి సగం పలుకు మిగులుతుంది. నూక పట్టిద్దామని మూల ఇంటామె. కడిగి చాపల మీద ఎండబెట్టాకే అని అత్త. ఎండబెట్టిందాకా కాకులెవరు తోలేది అని ఆమె. నేనేమన్నా చచ్చినానా అని అత్త. పిండిమర నుంచి తిరిగొచ్చాక మూటలో అంతా ఒకే తెల్లటి నూక. అత్త దాన్ని దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది. నేను మిల్లులో అడిగి విరిగిన పెసరపప్పు తెచ్చాను. మెంతులు వేయాలని ఒకరు, మిరియాలు చాలని ఒకరు. చివరికి రెండూ పడ్డాయి.

శనివారం తెల్లవారేసరికి వీధి మూల మూడు రాళ్ల మీద పెద్ద అండా ఎక్కింది. మూల ఇంటామె గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టి చేతులు కళ్లకు అద్దుకుంది. అత్త కొంగు తల మీదకి లాక్కుని కళ్లు మూసుకుంది. పొయ్యి అంటించే పని నాకిచ్చారు. అగ్గిపెట్టెల వీధిలో పుట్టినదాన్ని, నాకు కాక ఎవరికి? పుల్ల గీస్తుంటే అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. పొద్దస్తమానం మందు అంటిన వేళ్లు. ఆ వేళ్లే రోజూ ఒక పిడికిలిగా మూసుకుని, గూట్లో కుండ మీద తెరుచుకునేవి. మంట ఒకే గీతకు అందుకుంది.

ముందు వచ్చింది వీధులూడ్చే ఆడవాళ్లు. చీపుళ్లు గోడకు ఆనించి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వరసగా కూర్చున్నారు. తర్వాత మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, తలకు చుట్టిన తువ్వాళ్లు విప్పుకుంటూ. బడికి పోయే పిల్లలు, వాళ్లను చూసి వాళ్ల తల్లులు. గంజిలో నంజుకోవడానికి మా ఆయన తెచ్చిన చిక్కీ ముక్కలు. గంజికీ చిక్కీకీ పొత్తేమిటని నేను ముక్కు చిట్లించాను గానీ, గిన్నెలు ఖాళీ అవుతున్న వేగం చూసి ఒప్పుకున్నాను. బియ్యం ఇచ్చిన ఇళ్లవాళ్లే సిగ్గుపడుతూ గిన్నెలు తెచ్చుకున్నారు, వాసన ఆగనిచ్చిందా? మూల ఇంటామె గరిటె పట్టింది, అత్త గిన్నెలు అందించింది. ఊడ్చే ఆడవాళ్లలో పెద్దామె తిన్నాక అత్త గడ్డం పట్టుకుని, బాగుండు తల్లీ అంది. తనకంటే చిన్నదే అయినా అత్త ఆమె ముందు తల వంచింది.

నాకు ఏడుపు వచ్చింది. పొగ వల్ల అన్నాను. సంతోషం వల్ల. అండా అడుగు గీకి, ఆ మాడు ముక్కలు అత్తా, నేనూ, మూల ఇంటామె ముగ్గురం పంచుకుని తిన్నాం. అంత రుచైన మాడు నేను మళ్లీ తినలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం పొద్దున లేచేసరికి కాకిరంగు సంచి తలుపు దగ్గర ఉంది, మూతి కట్టి. వంటింట్లో గూడు ఖాళీ. చిన్న కుండ కూడా సర్దేసింది.

"వచ్చిన పని అయిపోయె. మోకాలు బాగుండాది," అంది అత్త. "ఇంగ నాకి ఈడ ఏముండాది? తొమ్మిదింటి బస్సుకి పోతా."

నాకు మామూలుగా కోపం మాటల్లో వస్తుంది, అప్పుడు ఏడుపులో వచ్చింది. "పో అత్తా, పో. నీకు పని కావాలి, నాకు మనిషి కావాలి. పొద్దున లేస్తే ఇంట్లో గిన్నె చప్పుడు కావాలి నాకు. మా అమ్మ పోయినాక నీ చప్పుడే విన్నాను. అది పని కాదా?" అన్నాను. చేతిలో బియ్యం కొలిచిన గిన్నె అలాగే ఉంది. అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అంతవరకు నేను ఆమెతో అలా మాట్లాడింది లేదు.

వాకిట్లో అలికిడి అయింది. మూల ఇంటామె. చంకలో కొత్త మట్టికుండ.

"అక్కా, వీదిలో అందురూ అడగతాండారు, మళ్లీ ఎప్పుడు గంజి అని. పిడి తీసి పెడతామంటాండారు. కుండ తెచ్చినా. మా ఇంట పెడితే అమ్మవారిదంటారు, కోయిల్లో పెడితే కోయిలుదంటారు. మీ వాకిట్లో పెడతా. మీరు చూసుకోవాల." అప్పుడు ఆమె కళ్లు సంచి మీద పడ్డాయి. "ఏమి అక్కా, ఊరికా?"

అత్త కుండ అందుకుంది. వేలి కణుపుతో ఒక చోట తట్టింది, తిప్పి ఇంకో చోట తట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఇది సరిగా కాలలేదే," అంది. "ఎవురే నీకి దీన్ని అంటగట్టినది? పద, నేను వచ్చి మార్పించేది."

నాయుళ్లింటి ఆడమనిషిని అత్త నువ్వు అనడం అదే మొదలు. ఆమె గుర్తించిందో లేదో గానీ నేను గుర్తించాను. చెప్పులు వేసుకోబోతూ అత్త వెనక్కి వచ్చింది. నా చేతిలోని గిన్నెలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి, ఆ కాలీకాలని కుండలోనే వేసి, పెదవులు కదిపింది. తర్వాత ఇద్దరూ బజారు వైపు పోయారు. తొమ్మిదింటి బస్సు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

కుండ ఇప్పుడు మా వాకిట్లో కొళాయి పక్కన ఉంది, మార్పించిన మంచి కుండ. నిండినప్పుడల్లా వీధి మూల గంజి కాస్తారు. కోయిల్లో పని చూసే పెద్దాయన భార్య కూడా వచ్చి పిడికెడు వేసి పోతోంది. చిన్న కుండ మళ్లీ గూట్లో, చింతపండు జాడీ పక్కన చేరింది. చీరలు బీరువాలోకి ఎక్కాయి. ఖాళీ అయిన కాకిరంగు సంచిలో నేను చిన్న ఉల్లిపాయలు పోశాను.

ఊరికి పోవాలన్న మాట అత్త ఇప్పటికీ మానలేదు. కోడలి మీద కోపం వచ్చినప్పుడల్లా, నా సంచి యాడ అంటుంది. దాంట్లో ఉల్లిపాయలున్నాయి అత్తా అంటాను. అయిపోతానే పోతా అంటుంది. సంచి సగానికి దిగకముందే తానే సంతకు పోయి నింపుకొస్తుంది.